గోల్ఫ్‌లో హిట్టింగ్, స్వింగింగ్ నిజంగా వేరు వేరా? నా అనుభవం చెప్తా

మీ ప్రశ్న చూడగానే నవ్వొచ్చిందండీ, మూడేళ్ళ కింద అచ్చం ఇదే పట్టుకుని నేనూ తిరిగా. ఒకాయన "కుడి చెయ్యి అసలు వాడొద్దు, ఎడం చేత్తో లాగు" అంటాడు, ఇంకో వీడియోలో "కుడి చేత్తో బాది పారెయ్" అంటాడు, రెండూ చేసి చూస్తుంటే బాల్ కుడికి వంకర తిరిగి పోతోంది (దీన్నే స్లైస్ అంటారు), వీళ్ళలో ఎవరు కరెక్ట్ అని కదా మీరడిగింది. ఇద్దరూ కరెక్టే. కాకపోతే ఒకాయన స్వింగింగ్ గురించి చెప్తున్నాడు, ఇంకొకాయన హిట్టింగ్ గురించి, మీరేమో సగం దారి దాకా మొదటిది చేసి అక్కణ్ణుంచి రెండోది అందుకుంటున్నారు. ముందే చెప్తున్నా, కింద రాసిందంతా కుడిచేతి వాటం వాళ్ళ లెక్కలో రాసా, మీది ఎడమచేతి వాటం అయితే తిరగేసి చదువుకోండి.

నేనుండేది సియాటిల్ పక్కన. ఆఫీసులో వాళ్ళు పిలిస్తే శనివారం టైంపాస్‌కి రేంజ్‌కి, అంటే గోల్ఫ్ ప్రాక్టీస్ చేసే చోటికి, వెళ్ళడం మొదలెట్టా, తర్వాత పిచ్చి పట్టింది. ఈ రెండు మాటల్ని ఇంత గట్టిగా విడదీసి చెప్పిన మనిషి కూడా ఈ ఊరాయనేనట, హోమర్ కెల్లీ, బోయింగ్‌లో పని చేసినాయన, 1969లో 'ద గోల్ఫింగ్ మెషీన్' అని పుస్తకం వేశాడు. చదవబోయేరు, అది గోల్ఫ్ పుస్తకంలా ఉండదు, లేత్ మెషీన్ మాన్యువల్‌లా ఉంటుంది. నేను మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లు పక్కన పడేశా, కానీ ఈ ఒక్క ముక్క మాత్రం బుర్రలో ఉండిపోయింది.

అది ఎలా అర్థమైందంటే వడిసెలతో. చిన్నప్పుడు సెలవులకి ఊరెళ్తే జొన్నచేలో మంచె ఎక్కించి పిట్టల్ని తోలమని తాతయ్య వడిసెల ఇచ్చేవాడు. తిప్పి తిప్పి ఒక కొస వదిలెయ్యడమే, రాయి దానంతటదే పోతుంది. నేనేమో ఇంకా దూరం పోవాలని వదిలే ముందు చెయ్యి విసురుగా ఒక తోపు తోసేవాణ్ణి, రాయి పక్కచేలో పడేది, ఒకసారి మంచె కిందే పడింది. "నువ్వు లాగుతూ ఉండరా, తొయ్యమాకు, తాడుని ఎవడైనా తోస్తాడా" అని తిట్టేవాడు. స్వింగింగ్ అంటే మొత్తం అదే. డౌన్‌స్వింగ్ (ఎత్తిన క్లబ్‌ని బాల్ మీదకి దించడం) మొదట్లో నడుము తిరుగుతుంది, ఛాతీకి ఆనుకున్న ఎడం చెయ్యి ఆ తిరుగుడుకి లాక్కుపోతుంది, క్లబ్, అదే గోల్ఫ్ కర్ర, వెనకాల తాడులాగా వస్తుంది. మనం లాగేది షాఫ్ట్ (క్లబ్ కాడ) పొడుగునా, గ్రిప్ (మనం పట్టుకునే చోటు) కొస వైపుకి. మడిచి ఉన్న మణికట్టుని మనం విప్పక్కర్లేదు, వేగం పెరిగే కొద్దీ క్లబ్ హెడ్ (చివర బాల్‌ని కొట్టే బరువు ముక్క) బయటికి లాగి అదే విప్పుతుంది. ఎడం చేతి చివరి మూడు వేళ్ళలో ఆ బరువు తెలుస్తుంది. ఎంత బరువు అని ఒకసారి కాగితం మీద లెక్కేశా, డ్రైవర్ (అన్నిట్లోకి పొడుగు క్లబ్) హెడ్ సుమారు 200 గ్రాములు, గంటకి 160 కిలోమీటర్ల వేగం, 1.2 మీటర్ల వ్యాసార్థం అనుకుంటే దాదాపు 34 కేజీల లాగుడు వస్తుంది. పాతిక కేజీల బియ్యం బస్తా కంటే ఎక్కువ! అంత లాగుడు ఉన్నప్పుడు కుడి చేత్తో మధ్యలో మనం సాయం చెయ్యబోతే ఏమవుతుందో ఊహించుకోండి.

హిట్టింగ్ దీనికి తిరగబడి ఉంటుంది. బురదలో దిగిన బండిని వెనకనించి తొయ్యడం చూసుంటారుగా, మోచెయ్యి మడిచి ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపట్టి, చెయ్యి చాపుతూ తోస్తాం. ఇందులో ఇంజన్ కుడి చెయ్యి, మడిచిన కుడి మోచెయ్యి చాపుకోవడంలోనే బలమంతా, అంటే జబ్బ వెనక కండ. నడుము తిరుగుతుంది కానీ దాని పని ఎక్కువగా గట్టి ఆధారంగా నిలబడటమే. ఇక్కడ తోపు షాఫ్ట్‌కి అడ్డంగా పడుతుంది, కుడి అరచేతి మడమ ఎడం బొటనవేలి మీద నొక్కుతుంది, కుడి చూపుడువేలు షాఫ్ట్ వెనకాల బరువు మోస్తుంది. అందుకే బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి ఎత్తడం) పొట్టిగా ఉన్నా చాలు, పైన ఒక్క క్షణం ఆగినా నష్టం లేదు. స్వింగర్ అలా ఆగితే వడిసెల తిప్పడం మధ్యలో ఆపినట్టే, తాడు సడలిపోతుంది.

క్లబ్ ఫేస్, అంటే బాల్‌కి తగిలే ముఖం, తిరిగే తీరు కూడా వేరు, ఇది చాలామంది చెప్పరు. స్వింగింగ్‌లో వెనక్కెళ్ళేటప్పుడు ఎడం చెయ్యి తిరుగుతుంది, కిందకొచ్చేటప్పుడు ఫేస్ తలుపు మూసుకున్నట్టు పూర్తిగా మూసుకుంటూ వస్తుంది. హిట్టింగ్‌లో ఆ తిప్పుడు తక్కువ, మూసుకోవడమూ తక్కువే. దానివల్ల నేను హిట్ చేస్తే బాల్ కొంచెం కుడికి వాలుతుంది, ఇప్పుడు తెలుసు కాబట్టి కాస్త ఎడమకి చూసుకుని నిలబడుతున్నా.

ఇక నా గోల. మొదట్లో ఆరు క్లాసులు డబ్బు కట్టి నేర్చుకున్నా, ఆయన నేర్పింది శుద్ధ స్వింగింగ్, తప్పేం లేదు. కానీ నేను పదిహేనేళ్ళు టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడినవాణ్ణి, అదీ అంతా బాటమ్ హ్యాండే, మిడ్‌వికెట్ మీదగా లేపడం తప్ప వేరే షాట్ రాదు. సో ఎడం చేత్తో బాగానే లాగుతూ వచ్చేవాణ్ణి, చేతులు నడుము దాకా రాగానే బాల్ కనపడేది, అంతే, కుడి చెయ్యి ఎగిరి దూకేది. అలా దూకితే చేతులు ఆగిపోతాయి, క్లబ్ హెడ్ చేతుల్ని దాటి ముందుకొస్తుంది, నిటారుగా ఉండాల్సిన ఎడం మణికట్టు వెనక్కి మడత పడుతుంది. ఒకసారి బాల్ వెనకాల నేల తవ్వేవాణ్ణి, ఒకసారి బాల్ నెత్తిమీద తగిలి నేలబారున పోయేది, ఒకసారి భయంకరమైన హుక్, అంటే బాల్ ఎడమకి వంకర తిరిగి పోవడం. 7 ఐరన్‌తో (ఇనప హెడ్ ఉన్న క్లబ్బుల్లో మధ్యరకం) మూడు రకాలూ ఒకే బకెట్ బాల్స్‌లో! అసలు బాల్ క్లబ్ కలిసుండేది సెకనులో రెండు వేలో వంతు అటూ ఇటూ, డౌన్‌స్వింగ్ మొత్తం పావు సెకను, ఇందులో బాల్ దగ్గర కొత్తగా నిర్ణయం తీసుకునే టైం ఎక్కడిది చెప్పండి.

మీ స్లైస్ సంగతి. మీరు తొయ్యాలనుకునే మనిషైతే పైనించి మొదలెట్టేటప్పుడు కుడి భుజం ముందుకి, అంటే బాల్ వైపు బయటికి వెళ్తోందేమో చూసుకోండి, అది కిందకి రావాలి, తోపు బాల్ వెనక లోపలి భాగం మీదకి పోవాలి. లాగే మనిషైతే ఎక్కువసార్లు తప్పు వేరే చోట ఉంటుంది, హుక్ భయంతో ఎడం చెయ్యి తిరగనివ్వకుండా బిగపట్టేస్తాం, తలుపు తెరిచే ఉండిపోతుంది. రెండింటికీ ఒకే మందు వేస్తే పని చెయ్యదు, వీడియోలు చూసి మనం చేసేది అదే.

ఏది మీదో తెలియాలంటే నేను చేసింది చెప్తా. 9 ఐరన్ తీసుకుని, నడుము ఎత్తు దాకా మాత్రమే, పది బాల్స్ ఎడం చేత్తో ఒక్కదానితో, పది కుడి చేత్తో ఒక్కదానితో కొట్టండి, ఫోన్ పక్కన పెట్టి వీడియో తియ్యండి. చుట్టూ వాళ్ళు చూస్తారు, చూడనివ్వండి. నాకు ఎడం చేత్తో పదిలో రెండు తగిలాయి, కుడి చేత్తో ఎనిమిది. తర్వాత నెల రోజులు బ్యాక్‌స్వింగ్ భుజం ఎత్తుకి కట్ చేసి తొయ్యడమే చేశా, దూరం ఒక క్లబ్ తగ్గింది, అంటే 7 ఐరన్‌తో కొట్టినా 8 ఐరన్ అంత దూరమే, నేల తవ్వడం దాదాపు పోయింది. ఆ బేరం నాకు నచ్చింది.

ఇంకో మాట, శుద్ధంగా ఒకటే చేసేవాళ్ళెవరూ ఉండరు, ఇదంతా ఫీలింగే అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఈ ఊళ్ళో పెరిగిన ప్రొఫెషనల్ గోల్ఫర్ ఫ్రెడ్ కపుల్స్ పాత వీడియోలు చూస్తే మాత్రం ఆయన చేతుల్లో వడిసెల ఉన్నట్టే ఉంటుంది నాకు, ఎక్కడా తోపు కనపడదు. ఫీలింగే అనుకున్నా సరే, కొట్టే ముందు ఏ ఫీలింగ్‌తో దిగుతున్నానో తెలిస్తే చాలు నాకు.

డ్రైవర్ దగ్గర నేనింకా స్వింగింగే చేస్తున్నా, పొడుగు షాఫ్ట్‌ని తొయ్యబోతే నాకసలు కుదరట్లేదు. అంటే బ్యాగ్‌లో రెండు మతాలు, టీ (హోల్‌కి మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గర ఒకటి, ఫెయిర్‌వేలో (అక్కణ్ణుంచి హోల్ వైపుకి ఉండే కత్తిరించిన గడ్డి) ఒకటి. మొన్న పదకొండో హోల్‌లో మర్చిపోయి డ్రైవర్‌ని తోశా, బాల్ పక్క ఫెయిర్‌వేలో వాళ్ళ కార్ట్ దగ్గర పడింది, చెయ్యెత్తి సారీ చెప్పా. మీరా ఒంటి చేతి టెస్ట్ చేసి ఏ చేత్తో ఎన్ని తగిలాయో కింద రాయండి, ఆ స్లైస్ లాగడంలోదో తొయ్యడంలోదో అప్పుడు చెప్పొచ్చు.