అంగన్‌వాడీలో రెండో మనిషి

అంగన్‌వాడీ అంటే కిచిడీ పెట్టే చోటే కదా, స్థోమత ఉన్నవాళ్లు నర్సరీలో వేసుకుంటారు, ప్రభుత్వం అందులో ఇంకా డబ్బు పోయడం దేనికి అని ఒకరు నన్నడిగారు. ఇది వారికి జవాబు. కొన్నేళ్ల కిందట నేనూ మా అత్తమ్మతో ఇదే మాట అన్నాను. అప్పటికి మా పెద్దమ్మాయికి మూడున్నరేళ్లు.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. నది దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఈ రెండూ కాదని పిల్లను వ్యాన్ వచ్చి తీసుకెళ్లే ఇంగ్లిష్ మీడియం నర్సరీలో వేశాం. ఫీజుకీ వ్యాన్‌కీ పత్తి డబ్బులో పెద్ద ముక్కే పోయింది. నాలుగు నెలలయ్యేసరికి ఒకటి నుంచి వంద దాకా గడగడా రాసేది. మూడు చింతగింజలు ఇవ్వమంటే మాత్రం గుప్పెడు తెచ్చి చేతిలో పోసేది. ఒకసారి మహదేవపూర్‌లో మా అక్క ఇంటికి వెళ్తే, "పెద్దమ్మా, మీ ఇంట్ల మేఐగోటుటాయిలెట్ ఎక్కడుంది?" అని అడిగింది. ఆ గది పేరే అదనుకుంది పిల్ల! అక్క పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం కట్టిన ఫీజే గుర్తొచ్చింది.

బాబు వేళకు చేతిలో డబ్బు లేదు. అందుకే ఊరి అంగన్‌వాడీకి పంపాం, ఇందులో నా గొప్పేం లేదు. సేవిక, అంటే అక్కడి టీచరు, మరాఠీ మనిషి. వంట, శుభ్రం చూసే మదత్‌నీస్ మా వాడకట్టు ఆమే, నాకు చిన్నమ్మ వరస. మొదటి నెల వాడు నోరు విప్పలేదు. ఒకరోజు తొందరగా తీసుకొద్దామని వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చిన్నమ్మ పొయ్యి ఆపి కింద కూర్చుంది. చింతగింజలు ఐదు పరిచి, రెండు కొంగు కింద దాచి, "ఎన్ని మిగిలినయ్ రా?" అంది. మావాడు "మూడు" అన్నాడు. పక్కనుంచి సేవిక "తీన్" అంది. వాడు ఆమె మొహం కాసేపు చూసి, మెల్లగా "తీన్" అన్నాడు. ఆ ఏడాది చివరికి రెండు భాషల్లోనూ తగాదా పెట్టుకునేవాడు.

అలాంటి రోజులు వారానికి రెండు వస్తే గొప్ప. మిగతా రోజుల్లో సేవిక తూకాలు, టీకాల కబురు, ఇంటికిచ్చే రేషన్ లెక్క, బాలింతల ఇళ్లు చూసుకోవాలి. 2021 నుంచి ఈ వివరాలన్నీ ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ కూడా వచ్చింది. సిగ్నల్ కోసం ఆమె ఫోన్ పట్టుకుని వేపచెట్టు కిందకు పోతే, చిన్నమ్మ కిచిడీ దగ్గర, పిల్లలు గోడకు ఆనుకుని. చెప్పడం రాకపోవడం కాదు, చెప్పడానికి మనిషి ఖాళీగా లేకపోవడం. మీరు చూసిన 'కిచిడీ కేంద్రం' ఇదే అయ్యుంటుంది.

కాబట్టి నన్నడిగితే డబ్బు ముందు పెట్టాల్సింది గోడల మీద బొమ్మలకు కాదు, రెండో టీచరుకు. ఇది నా ఊహ కాదు. తమిళనాడులో 320 అంగన్‌వాడీలు తీసుకుని కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు పరీక్షించి చూశారు. కొన్ని కేంద్రాల్లో సగం పూట పనిచేసే మనిషిని అదనంగా పెట్టారు. చదువు చెప్పే సమయం రెండింతలైంది, లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకెళ్లారు. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలూ తగ్గారు. అది నాకు వింతగా తోచలేదు. పాత సేవికకు కాస్త తీరిక దొరికితే బరువు తగ్గిన పిల్ల ఇంటికి పోయి రాగలుగుతుంది కదా.

తిండిని ఎవరూ పట్టించుకోలేదని అనను. 2015లో ఇక్కడ గిరిజన ప్రాంతాలకు అమృత్ ఆహార్, అవతల తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి మొదలయ్యాయి. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట వేడి భోజనం అందుతోంది. కానీ 2017లో కేంద్ర ప్రభుత్వం పిల్ల తిండికి రోజుకు కట్టిన లెక్క 8 రూపాయలు. మా బస్టాండులో టీ పది. 2018లో సేవికకు కేంద్రం ఖరారు చేసిన మొత్తం నెలకు 4,500, దానికి రాష్ట్రం కొంత కలుపుతుంది. దాన్ని జీతం అనరు, మానధన్ అంటారు, అంటే గౌరవ వేతనం. గౌరవం మాటలోనే మిగిలింది.

చట్టం కూడా ఇక్కడ మెత్తబడుతుంది. 2002లో రాజ్యాంగం సవరించి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు చేశారు. ఆరేళ్ల లోపు వాళ్ల విషయంలో ప్రభుత్వం 'ప్రయత్నిస్తుంది' అని రాసి వదిలారు. 2020 జాతీయ విద్యా విధానమేమో మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందంటుంది. మరి హక్కు ఆరో ఏటే ఎందుకు మొదలవ్వాలి?

ఇంకోటి, మీ ప్రశ్నలో లేనిది. మూడేళ్ల లోపు వాళ్ల సంగతి. యాభైమంది, ఆపైన పనిచేసే కంపెనీ పిల్లల్ని చూసుకునే శిశువిహార్ పెట్టాలని 2017లో చట్టం తెచ్చారు. మా దగ్గర మిర్చి ఏరడానికి తెలంగాణకు పోయే తల్లికి ఏ కంపెనీ ఉంది? చంటిదాన్ని చేను గట్టున చీర ఉయ్యాలలో వేస్తుంది, లేదా ఇంట్లో ఎనిమిదేళ్ల అక్కకు అప్పగించి పోతుంది. అలా అక్క బడి మానేస్తుంది. 2022లో పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే రోజంతా పిల్లల్ని చూసుకునే ఏర్పాటు తెచ్చారు. పెంచాల్సింది అలాంటివే.

అసలు ఈ పనికి దారి వేసింది మహారాష్ట్రే. బోర్డీ, కోస్‌బాడ్‌లలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లల వాకిట్లోకే బడిని తీసుకెళ్లారు. 'అంగణ్' అంటే వాకిలే. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1975 అక్టోబర్ 2న.

మీ దగ్గర కేంద్రమే లేకపోతే ఒక మాట గుర్తుంచుకోండి. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊరికి వాగు అవతల ఒక టోలా, అంటే చిన్న గూడెం ఉంది. వానాకాలం వాళ్ల పిల్లలు ఇటు రాలేరు. చిన్నమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాశాం, 36 అయ్యాయి. రెండిళ్లు తాళం వేసి ఉన్నాయి. మిర్చికి పోయారు, పిల్లల్నీ తీసుకెళ్లారు. వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ వెళ్లి లెక్కపెట్టాలి.