హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చాక మిగతా సుఖవ్యాధుల టెస్టులు కూడా చేయించుకోవాలా?

మీకు 36 ఏళ్ళు, పెళ్ళయి పదకొండేళ్ళు, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దారితీయగల వైరస్) పాజిటివ్ వచ్చింది. డాక్టరేమో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, హెచ్ఐవీ కూడా చూద్దామన్నారు. ఇచ్చిన శాంపిల్‌లోనే అవన్నీ తెలియవా, ఇది నా మీదో మా ఆయన మీదో అనుమానమా, ఆయనకూ చేయించాలా, ల్యాబ్‌లో చెప్పిన పన్నెండు రకాల ప్యాకేజీ తీసుకుంటే మంచిదా అని అడిగారు. ఈ ప్రశ్నలన్నీ ఒకప్పుడు నాకూ నిద్ర లేకుండా చేసినవే. నేను డాక్టర్ని కాను. నాకు జరిగిందీ, మా డాక్టరమ్మని విసిగించి మరీ తెలుసుకున్నదీ రాస్తున్నాను.

డాక్టర్ చెప్పిన ఆ నాలుగూ చేయించుకోండి. ప్యాకేజీ జోలికి మాత్రం వెళ్ళకండి. ఎందుకో చెబుతాను.

హెచ్‌పీవీ టెస్టు హెచ్‌పీవీని తప్ప ఇంకేదీ చూడదు. ఆ వైరస్‌లో రెండొందలకు పైగా రకాలున్నాయి. టెస్టు వాటన్నిటినీ కూడా వెతకదు, క్యాన్సర్‌కి దారితీసే ఓ 14 రకాల డీఎన్ఏ ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. నా రిపోర్టులో మూడు లైన్లున్నాయి. 16వ రకం: నాట్ డిటెక్టెడ్. 18వ రకం: నాట్ డిటెక్టెడ్. ఇతర హై రిస్క్ రకాలు: డిటెక్టెడ్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి వాటిని విడిగా చూపిస్తారు. మీ రిపోర్టులో కూడా ఈ విభజన ఉందేమో చూసుకోండి, తర్వాత ఏం చేయాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. క్లమీడియా, గనేరియాల ఊసు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అంటే అవి లేవని కాదు, ఎవరూ వెతకలేదని.

పాప్ స్మియర్ విషయంలోనూ చాలామంది ఇలాగే పొరబడతారు. "పాప్ నార్మల్ వచ్చింది, నాకే ఇన్ఫెక్షన్లూ లేవు" అనుకుంటారు. పాప్‌లో చూసేది గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాల ఆకారం. అప్పుడప్పుడు ట్రైకోమొనాస్ (ఇదీ కలయిక ద్వారా సోకే ఓ పరాన్నజీవి) లాంటిది స్లైడు మీద కంటపడొచ్చు, కానీ కంటపడలేదు కదా అని లేదనుకోవడానికి వీల్లేదు. 'ఇన్‌ఫ్లమేటరీ స్మియర్' అని రాస్తే ఎక్కడో వాపు ఉందని తెలుస్తుంది, కారణమేమిటో తెలియదు.

ఇచ్చిన శాంపిల్‌తోనే సరిపెట్టవచ్చా అంటే, కొంతవరకు కుదురుతుంది. మీ శాంపిల్‌ని ద్రవం ఉన్న సీసాలో తీసుకుని ఉంటే, కొన్ని ల్యాబుల్లో అందులో మిగిలిన ద్రవంతోనే క్లమీడియా, గనేరియా, ట్రైకోమొనాస్ కూడా చేస్తారు. అది వాళ్ళ మెషీన్ మీద, సీసా రకం మీద ఆధారపడుతుంది, ఎంతకాలం దాచారన్నదీ చూస్తారు. ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి, తప్పేం లేదు. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి మాత్రం రక్తంలోనే చూడాలి.

ఇక అనుమానం సంగతి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే. హెచ్‌పీవీ అన్నది లైంగిక జీవితం ఉన్న దాదాపు ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ళలో ఒంట్లోంచి దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి టెస్టుకి అందకుండా అణిగి ఉండి తర్వాత బయటపడుతుంది. అందుకే ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అనేది ఏ డాక్టరూ చెప్పలేరు. పాజిటివ్ కాగితం పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టుకోవడం దండగ.

అసలు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అందరికీ మిగతావన్నీ చేసి తీరాలనే నియమం కూడా లేదు. 25 ఏళ్ళలోపు, లైంగిక జీవితం ఉన్న ఆడవాళ్ళయితే క్లమీడియా, గనేరియా ఏటా చూడమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ వయసు దాటితే కొత్త భాగస్వామి, ఒకరికంటే ఎక్కువమంది, భాగస్వామికి ఇన్ఫెక్షన్ ఉండటం, లక్షణాలు, ఇలాంటి కారణాలను బట్టి చూస్తారు. నా విషయంలో కారణం వేరే. పరీక్ష చేసేటప్పుడు దూది పుల్ల తగలగానే ముఖద్వారం దగ్గర రక్తం కనిపించింది. నాకు నొప్పీ లేదు, మంటా లేదు. "ముట్టుకుంటేనే రక్తం వస్తోందంటే లోపల వాపు ఉన్నట్టుంది, ఒకసారి చూసేద్దాం" అన్నారు డాక్టరమ్మ. మీ డాక్టర్‌ని కూడా "నా విషయంలో ఎందుకు రాశారండీ?" అని నేరుగా అడగండి. సగం టెన్షన్ ఆ జవాబుతోనే పోతుంది.

స్వాబ్ (దూది పుల్లతో శాంపిల్ తీయడం) గురించి భయపడేవాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. నన్నే తీసుకోమని ఒక సన్నటి ప్యాకెట్ ఇచ్చి బాత్రూమ్‌కి పంపారు. లోపల పొడుగాటి దూది పుల్ల, మూత ఉన్న చిన్న ట్యూబు, అందులో కొద్దిగా ద్రవం. పుల్లని రెండంగుళాల లోపలికి పెట్టి, గోడలకు తగిలేలా మెల్లగా తిప్పుతూ ముప్పై దాకా లెక్కపెట్టుకుని తీసేయడమే. పుల్ల మధ్యలో ఒక గీత ఉంటుంది. దాన్ని ట్యూబులో పెట్టి ఆ గీత దగ్గర విరిస్తే దూది ఉన్న సగం లోపలే ఉండిపోతుంది, మూత బిగించేయాలి. ద్రవం ఒలికితే మళ్ళీ కొత్త ట్యూబు అడగాలి. క్లమీడియా, గనేరియాలకు ఇలా మనం తీసుకున్న స్వాబ్ డాక్టర్ తీసినదానితో సమానంగా పనికొస్తుంది. ఆడవాళ్ళకి మూత్రం కన్నా ఇదే మేలు. మగవాళ్ళకి మూత్రం చాలు, కానీ గంటసేపైనా ఆపుకుని, మొదట వచ్చే ధారనే పట్టాలి. యూరిన్ కల్చర్ టెస్టుకి పట్టినట్టు మధ్యధార పడితే లాభం లేదు. ఒక సంగతి డాక్టర్లు అడగరు, మనమూ చెప్పం. నోటి ద్వారా, మలద్వారం ద్వారా కలయిక ఉంటే అక్కడి ఇన్ఫెక్షన్ ఈ శాంపిళ్ళలో దొరకదు, విడిగా స్వాబ్ తీయాలి.

నాకు క్లమీడియా పాజిటివ్ వచ్చింది. మిగతావన్నీ నెగటివ్. హెచ్‌పీవీ కాగితం చూసినప్పటికన్నా ఇది చూశాక ఎక్కువ ఏడ్చాను. నిజానికి రెండిట్లో తేలిగ్గా పోయేది ఇదే. ఆడవాళ్ళలో ఎక్కువమందికి దీని లక్షణాలేవీ ఉండవు. మందు వాడకపోతే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా అలాగే ఉంటుంది. ఊరుకుంటే అండవాహికల దాకా పాకి పిల్లలు పుట్టకపోవడానికీ, ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీకీ (గర్భసంచి బయట గర్భం నిలవడానికి) దారితీయవచ్చు. హెచ్‌పీవీకి వైరస్‌ని చంపే మందు లేదు, కణాల్లో మార్పులొస్తే వాటికి మాత్రమే చికిత్స. క్లమీడియాకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. ఆ మాత్రని నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంటైనా పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. గర్భిణులకు ఇది ఇవ్వరు, బదులుగా అజిత్రోమైసిన్ ఇస్తారు. గర్భం వచ్చే అవకాశం ఏ మాత్రం ఉన్నా ముందే చెప్పండి.

మా ఆయనకి చెప్పడమే అసలు పని. నేను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రిపోర్టు ఆయన చేతికే ఇచ్చేశాను. ఆయన మొదటి మాట, "నాకేం లేదు కదా." మగవాళ్ళలోనూ చాలామందికి ఏమీ తెలియదు. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్తే డాక్టరమ్మ ఆయనకీ మందు రాశారు. "ఎవరి నుంచి ఎవరికి అన్నది ఈ టెస్టు చెప్పదు. ఇద్దరూ ఒకేసారి వాడకపోతే మీకు తగ్గింది మళ్ళీ ఈయన నుంచి వస్తుంది, అంతే," అన్నారు. కోర్సు పూర్తయ్యేదాకా కలయిక వద్దన్నారు. మా మధ్య కొన్నాళ్ళు ముభావంగానే గడిచింది, అబద్ధమెందుకు. కానీ గొడవ పడలేదు, ఆవిడ అన్న ఆ రెండు ముక్కల వల్లే.

మీ మూడో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. మీ వారికి హెచ్‌పీవీ టెస్టు అవసరం లేదు. మగవాళ్ళకి మామూలుగా చేయదగిన హెచ్‌పీవీ స్క్రీనింగ్ ఏదీ లేదు, చేసినా దాని ఫలితం వల్ల వైద్యంలో మారేదేమీ ఉండదు. పులిపిర్లలాంటివి కనిపిస్తే చూపించుకోవాలి. అదే మీకు క్లమీడియానో, గనేరియానో, ట్రైకోమొనాసో, సిఫిలిసో బయటపడితే మాత్రం ఆయనకి పరీక్ష, చికిత్స తప్పనిసరి.

ఈ ఇన్ఫెక్షన్లకీ హెచ్‌పీవీకీ సంబంధం ఉందా అని నేనూ అడిగాను. క్లమీడియా ఉన్నవాళ్ళలో హెచ్‌పీవీ త్వరగా పోకుండా నిలిచిపోయే అవకాశం ఎక్కువని అధ్యయనాల్లో కనిపించింది. అలాగని క్లమీడియాకి మందు వాడితే హెచ్‌పీవీ పోతుందని కాదు. గట్టి సంబంధం ఉన్నది హెచ్ఐవీతో. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకే మిగతావాళ్ళకి 30 ఏళ్ళ నుంచి 5 నుంచి 10 ఏళ్ళకోసారి హెచ్‌పీవీ టెస్టు అంటే, వాళ్ళకి 25 నుంచే 3 నుంచి 5 ఏళ్ళకోసారి చేయమంటుంది. పాజిటివ్ వచ్చినవాళ్ళకి ఆ నాలుగు టెస్టుల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను హెచ్ఐవీనే ముందు పెడతాను. దాని ఫలితాన్ని బట్టి హెచ్‌పీవీ ఫాలో-అప్ మొత్తం మారిపోతుంది.

ఇక ఆ పన్నెండు రకాల ప్యాకేజీ. అలాంటి వాటిలో యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా హోమినిస్, గార్డ్‌నెరెల్లా లాంటి బ్యాక్టీరియాలను కూడా కలిపేస్తారు. అవి ఏ జబ్బూ లేని ఆడవాళ్ళలో కూడా చాలామందిలో ఉంటాయి. కాగితం మీద ఎర్ర అక్షరాల్లో 'డిటెక్టెడ్' అని కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది, ఆపైన అక్కర్లేని యాంటీబయాటిక్స్ మొదలవుతాయి. హెర్పిస్ రక్తపరీక్ష కూడా లక్షణాలు లేనివాళ్ళకి చేయవద్దనే మార్గదర్శకాలు చెబుతాయి. తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, పైగా ఇన్ఫెక్షన్ నోటి దగ్గరిదా కిందిదా అన్నది అది చెప్పదు. నాకైతే ఈ ప్యాకేజీలు రోగి కోసం కన్నా బిల్లు కోసమే తయారైనట్టు అనిపిస్తాయి. డాక్టర్ రాసిన నాలుగింటికి ఏదైనా కలపాలనుకుంటే ట్రైకోమొనాస్ గురించి, హెపటైటిస్ బి గురించి అడగండి. హెపటైటిస్ బి లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు కూడా.

ఈ మధ్యే ఇన్ఫెక్షన్ తగిలే ముప్పు ఏదైనా ఎదురై ఉంటే టెస్టు ఎప్పుడు చేయించారన్నది కూడా ముఖ్యమే. క్లమీడియా, గనేరియాలకి రెండు వారాలు ఆగితే చాలు. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం (యాంటీబాడీలతో పాటు వైరస్ భాగాన్ని కూడా వెతికే) హెచ్ఐవీ టెస్టు 45 రోజులకి నమ్మకంగా చెబుతుంది, సిఫిలిస్‌కి 90 రోజులు పట్టొచ్చు. ముందే నెగటివ్ వస్తే అదే ఆఖరి మాట అనుకోకుండా గడువు దాటాక ఇంకోసారి చేయించాలి. మందు వాడాక కూడా తొందరపడి చేయించకండి. చచ్చిన క్రిముల డీఎన్ఏ ఇంకా మిగిలి ఉండి, నాలుగు వారాలలోపు చేస్తే పాజిటివ్ చూపించవచ్చు. నాకు మూడు నెలలకి మళ్ళీ చూశారు, మళ్ళీ తగులుకుందేమో అని. నెగటివ్ వచ్చింది. పాప్ నార్మల్‌గా ఉంది కాబట్టి హెచ్‌పీవీ టెస్టు ఏడాది తర్వాత రిపీట్ చేశారు, అదీ నెగటివే.

మీకు 16 గానీ 18 గానీ ఉంటే ఏడాది ఆగమనరు, కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో దగ్గరగా చూసే పరీక్షకి) పంపుతారు. ఈ మిగతా టెస్టుల కోసం ఆ తేదీని మీరై మీరు వాయిదా వేసుకోకండి. స్వాబ్ రిపోర్టు ఈలోగా పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీ చేసే డాక్టర్‌కి ముందే ఫోన్ చేసి చెప్పండి. వాపు బాగా ఉంటే ముందు మందు వాడించి తర్వాత చూస్తారో, అదే రోజు చూసేస్తారో వాళ్ళే నిర్ణయిస్తారు. శాంపిల్ ఇచ్చే ముందు రెండు రోజులు లోపల క్రీములు, మాత్రలు పెట్టకండి, నీళ్ళతో లోపల కడగకండి. నెలసరి ఉంటే అది అయ్యాక వెళ్ళండి.