బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇంట్లో పూల మొక్కలు ఎలా మొదలుపెట్టాలి?

ఒంగోల్లో మేడ మీద కుండీలు పెట్టానని, బోరు నీళ్లు ఉప్పనని, గులాబీలు బతకడం లేదని, మల్లె ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని రాశారు. మాది కావలి. మా బోరూ ఉప్పే. అయినా ఇప్పుడు మా ఇంట్లో దేవుడికీ జడకీ పూలు కొనే పని లేదు.

గులాబీని కొంతకాలం పక్కన పెట్టండి. ఉప్పుకు త్వరగా మాడిపోతుంది. బిళ్లగన్నేరు, కాగితం పూలు మన నీళ్లకు బాగా తట్టుకుంటాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది కానీ దాని ఆకూ పాలూ అన్నీ విషమే, చిన్నపిల్లలుంటే వద్దు.

ఇక మల్లె. ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా? అయితే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం ఎక్కువున్న నీళ్లు దాన్ని వేరుకు అందనివ్వవు. ఎరువుల కొట్లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, మొక్కకు ఇనుము అందించే ఉప్పు) అడగండి. లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి, కాస్త నిమ్మరసం పిండి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. కొత్త చిగురు పచ్చగా వచ్చేదాకా వారం పది రోజులకోసారి కొట్టాలి. గచ్చు మీద పడితే మరక పోదు, కింద గోతం పరచండి.

నీళ్లు రోజూ చెంబెడు పోస్తే ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. పోసినప్పుడు కుండీ అడుగునుంచి కారేదాకా పోయండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు అసలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లు మల్లెకు పట్టి పోయండి, వాటిలో ఉప్పుండదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే ఆ ఉప్పును కడిగేస్తాయి, కాబట్టి తుఫాను గాలి ఉంటే తప్ప కుండీలను లోపలికి జరపకండి.

నాకు పూల పిచ్చి ముదిరింది మాత్రం కత్తెర పట్టడం నేర్చుకున్నాకే. వానలు వెనకపట్టాక మల్లెకు నీళ్లు తగ్గించి, ఆకు దూసి, డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మలు కత్తిరిస్తాను. మోడుగా నిలబడ్డ చెట్టు మళ్లీ చిగురు తొడిగి వేసవికి మొగ్గలతో నిండిపోతుంటే ఊరెళ్లాలన్నా మనసొప్పదు. ఆ ఆనందం మీకూ దక్కాలని నా కోరిక.

తర్వాత చామంతి పెట్టండి. జులైలో నాటి, నెల తర్వాత తలలు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. రాత్రులు పొడవైతేనే అది మొగ్గ కడుతుంది. రాత్రంతా వీధిలైటు పడే చోట ఆకు ఏపుగా పెరుగుతుంది తప్ప పూత రాదు. మీ మేడ మీద ఏ మూల చీకటిగా ఉంటుందో చూసుకుని చామంతి కుండీలకు అక్కడే చోటు ఉంచండి.