ఏ ఊరి కుంచంతో కొలుస్తున్నావు?

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గ్రాఫిక్స్ డ్రైవర్లు, అంటే బొమ్మలు గీసే చిప్‌ను నడిపించే ప్రోగ్రామ్‌లు, రాసే బృందంలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "తెర మీద బొమ్మ కనిపించేలా ఏదో చేస్తాడట" అంది. ముప్పై ఏళ్లు అదే పని చేసిన నేను కూడా అంతకంటే బాగా చెప్పలేను.

నువ్వు పంపిన కోడ్ రెండుసార్లు చదివాను. నీ ల్యాప్‌టాప్‌లో అది నడుస్తోందంటే నమ్ముతాను. అదే కోడ్ ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద, విండోస్ మీద కూడా నడవాలన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు నెల్లిమర్ల దగ్గర తాతగారి ఊళ్లో ధాన్యం బేరానికి ఎవరొచ్చినా ఆయన ముందు ధర అడిగేవారు కాదు, "ఏ ఊరి కుంచం?" అని అడిగేవారు. పేరు ఒకటే అయినా ఊరు మారితే కొలత మారేది. సీ భాషలో అంకెను దాచే లాంగ్ అనే రకం అలాంటి కుంచమే. 64 బిట్ల లినక్స్‌లో దానికి 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. నువ్వేమో పాయింటర్‌ను, అంటే మెమరీ చిరునామాను, తీసుకెళ్లి లాంగ్‌లో పెట్టావు. విండోస్‌లో దానికి సగం తెగిపోతుంది. చిప్‌కు వెళ్లే ప్రతి అంకెకూ సీ భాష 1999 ప్రమాణంతో వచ్చిన, ఎక్కడైనా కొలత మారని యుఇంట్32_టి, యుఇంట్64_టి వాడు. పాయింటర్‌ను అంకెగా దాచక తప్పకపోతే దానికి యుఇంట్‌పీటీఆర్_టి ఉంది. ఒక బైటు పట్టే ఉత్త చార్‌ను కూడా నమ్మకు. మామూలు పీసీల ప్రాసెసర్ రకమైన ఎక్స్86 మీది లినక్స్‌లో అందులో రుణసంఖ్య పడుతుంది, ఆర్మ్ లినక్స్‌లో పడదు. మైనస్ 1 వచ్చేదాకా తిరిగే నీ లూప్ అక్కడ ఎప్పటికీ ఆగదు.

చిప్‌లో మనం అంకెలు వేసే గదులైన రిజిస్టర్ల కోసం, అంకెలోని బిట్లకు విడివిడిగా పేర్లు పెట్టే బిట్‌ఫీల్డ్‌లతో స్ట్రక్ట్ అనే డేటా కట్ట రాశావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ తీసెయ్యి. ఏ బిట్ ఏ వైపు నుంచి మొదలవ్వాలో భాషా ప్రమాణం చెప్పదు, కంపైలర్ ఇష్టానికి వదిలేసింది. బిట్లను జరిపే షిఫ్ట్‌లు, కావలసిన బిట్లనే ఏరే మాస్క్‌లు రాసుకో. రాసేటప్పుడు 1ని 31 స్థానాలు జరపాల్సి వస్తే ఆ 1 పక్కన యు అక్షరం పెట్టు. అది లేకపోతే ఫలితానికి ఎవరి పూచీ ఉండదు.

ఇక ఒక అంకెలోని బైట్లను మెమరీలో పేర్చే వరుస. నేను చేరిన కొత్తలో నా డ్రైవర్‌ను మొదటిసారి, పెద్ద బైటును ముందు పెట్టే (బిగ్ ఎండియన్) పవర్‌పీసీ యంత్రం మీద నడిపాను. పరీక్షకు వాడిన బొమ్మ సిరిమానోత్సవం ఫోటో. తెర మీద కుంకుమ ఆకుపచ్చగా, పూజారిగారి తెల్ల పంచె పసుపుగా వచ్చాయి. కేబుల్ వదులైందేమోనని ఒక పూటంతా దాన్నే కదిపి చూశాను! నిజానికి రంగులే కారణం చెబుతున్నాయి. ఒక్కో బైటుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉండి, పై బైటు సున్నాగా ఉన్న 32 బిట్ల పిక్సెల్‌ను తిరగేస్తే ఎరుపూ ఆకుపచ్చా స్థానాలు మార్చుకుంటాయి, నీలం స్థానంలోకి ఆ సున్నా వస్తుంది. తెలుపులోంచి నీలం పోతే మిగిలేది పసుపు. లినక్స్‌లో గ్రాఫిక్స్ చూసుకునే డీఆర్ఎమ్ భాగంలో పిక్సెల్ రూపాలను లిటిల్ ఎండియన్‌గా, అంటే చిన్న బైటు ముందు వచ్చేలా, నిర్వచించారు. ఎక్స్ఆర్‌జీబీ8888 అంటే మెమరీలో మొదట పడేది నీలం. పేరు చదివి వరుస ఊహించకు. చిప్‌కు పంపే ముందు, చిప్ నుంచి తీసుకున్న వెంటనే, ఆ గుమ్మం దగ్గర మాత్రమే వరుస మార్చు.

ఆపరేటింగ్ వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్‌కూ మామూలు ప్రోగ్రామ్‌కూ మధ్య తిరిగే స్ట్రక్ట్‌ల విషయం కాస్త వేరు. 64 బిట్ల అంకెను 32 బిట్ల ఎక్స్86 లినక్స్ 4 బైట్ల హద్దు మీద పెడుతుంది, 64 బిట్లది 8 హద్దు మీద పెడుతుంది. 32 బిట్ల ప్రోగ్రామ్, 64 బిట్ల కెర్నల్ ఎదురుపడితే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఖాళీలను నువ్వే పేరు పెట్టి నింపు, పాయింటర్‌ను 64 బిట్ల అంకెగా పంపు, మొత్తం ఎన్ని బైట్లో, కంపైల్ అయ్యేటప్పుడే సరిచూసే స్టాటిక్ అసర్ట్‌తో కంపైలర్‌ చేతనే ఒప్పించు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది మాత్రం వేరే ఉంది. మెమరీలో ఆజ్ఞలు రాస్తాం, ఆ తర్వాత "పని సిద్ధం" అని చిప్ రిజిస్టర్‌లో ఒక అంకె వేస్తాం. ఎక్స్86 మామూలు మెమరీలో రాతలు రాసిన వరుసలోనే బయటికి కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు, రెండోది ముందే చేరవచ్చు. వడ్డించకముందే తినమన్నట్టు, చిప్ వచ్చి పాత ఆజ్ఞలను చదువుకుపోతుంది. నా బోర్డు ఒకటి గంటకోసారి బిగుసుకుపోయేది. మధ్యలో ఒక ప్రింట్ పెడితే చక్కగా నడిచేది, తీసేస్తే మళ్లీ బిగుసుకునేది. మూడు వారాలు పట్టింది. ఆ ప్రింట్‌ను అలాగే ఉంచేద్దామా అని కూడా ఆలోచించాను, నీ దగ్గర దాచడం ఎందుకు. నువ్వు పెట్టిన వోలటైల్ అనే మాట ఇక్కడ చాలదు. అది కంపైలర్‌కే తప్ప ప్రాసెసర్‌కు వినపడదు. ముందు రాతలు చేరాకే తర్వాతిది వెళ్లేలా ఆపే బారియర్ వేయాలి. లినక్స్‌లో చిప్ రిజిస్టర్‌లో రాసే రైట్‌ఎల్ వాడితే ఆ బారియర్ అందులోనే ఉంటుంది. రిలాక్స్‌డ్ అన్న మాట తగిలించిన రకంలో ఉండదు. ఎక్స్86 వాళ్లకు ఈ బాధ లేదనుకోకు, రాతలను పోగుచేసి పంపే రైట్ కంబైనింగ్ మెమరీకి అక్కడా ఈ హామీ ఉండదు.

వ్యవస్థ మెమరీని పంచే ముక్కను పేజీ అంటాం కదా, అది 4096 బైట్లని మూడు చోట్ల రాశావు. ఆర్మ్ 64లో అది 16 కేబీ, 64 కేబీ కూడా కావచ్చు, వ్యవస్థనే అడుగు. వెడల్పును పిక్సెల్ బైట్లతో గుణించి తర్వాతి వరుసకు దూకకు, ఒక వరుస మొదలు నుంచి తర్వాతి వరుస మొదలు దాకా ఉండే దూరం, అంటే పిచ్, ఎంతో డ్రైవర్ చెబుతుంది.

"ఈ వ్యవస్థ అయితే ఈ కోడ్" అని చెప్పే ఇఫ్‌డెఫ్‌లు ప్రతి ఫంక్షన్‌లోనూ గడ్డిలా మొలిచాయి. మెమరీ తెచ్చుకోవడం, రిజిస్టర్లను మ్యాప్ చేయడం, చిప్ పంపే పిలుపును (ఇంటరప్ట్) అందుకోవడం, కాసేపు ఆగడం, ఇవి వ్యవస్థను బట్టి మారతాయి కాబట్టి ఒక్కో వ్యవస్థకు ఒక్కో ఫైలులో పెట్టు. చిప్ సంగతులున్న కోడ్‌కు తాను ఏ వ్యవస్థలో ఉందో తెలియకూడదు. అలాగని ప్రతిదానికీ పైన ఇంకో ఫంక్షన్ తొడుగు వేయకు. బైట్లను నకలు చేసే మెమ్‌కాపీకి కూడా తొడుగు వేసిన ప్రాజెక్టులో నేను పనిచేశాను, అందులో ఏది ఎక్కడుందో వెతకడానికే రోజు గడిచిపోయేది.

జీసీసీ, క్లాంగ్, మైక్రోసాఫ్ట్ కంపైలర్, మూడింటితోనూ హెచ్చరికలన్నీ చూపించమని చెప్పి కంపైల్ చెయ్యి. చిప్ అవసరంలేని భాగాలను వేరే యంత్రాన్ని అనుకరించే క్యూఈఎమ్‌యూలో ఎస్390ఎక్స్ మీద నడుపు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ప్రాసెసర్ అది, బిగ్ ఎండియన్. మీ డ్రైవర్ అక్కడికి ఎప్పటికీ వెళ్లదని మీ టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు. నిజమే, అయినా నడుపు.

ముందు ఆ లాంగ్‌లో దాచిన పాయింటర్ సంగతి సరిచేసి మళ్లీ పంపు, మిగతావి తర్వాత చూద్దాం. పండక్కి వచ్చేటప్పుడు ఆర్మ్ బోర్డు సంచిలో వేసుకురా. సీరియల్ కేబుల్ నా దగ్గర ఉంది.

నీ మామయ్య