కార్డు మీద కంపెనీ పేరు, డబ్బు మాత్రం భార్య ఖాతాకి... ఈ బిల్డర్‌ని నమ్మవచ్చా?

ప్రశ్న: మాకు సొంత స్థలం ఉంది. ఇల్లు కట్టించడానికి మా వారి స్నేహితుడు చెప్పిన ఒక బిల్డర్‌తో మాట్లాడాం. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకి ఇంత అని రేటు చెప్పాడు. తాను కట్టిన రెండు ఇళ్లు చూపించాడు, బాగానే ఉన్నాయి. విజిటింగ్ కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు ఉంది. కానీ మొత్తంలో 40 శాతం అడ్వాన్సుగా తన భార్య ఖాతాకి వేయమంటున్నాడు. అగ్రిమెంట్ మాట ఎత్తితే ‘మన మధ్య కాగితాలెందుకండీ’ అంటున్నాడు. రెరా నంబరు అడిగితే అక్కర్లేదన్నాడు. ఇతను నమ్మదగినవాడో కాదో చట్టపరంగా ముందే తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెరా విషయంలో అతను చెప్పింది నిజమే. 2016లో వచ్చిన ఆ రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఫ్లాట్లో, ప్లాట్లో తయారుచేసి అమ్మే ప్రమోటర్లకి వర్తిస్తుంది. మీ స్థలంలో మీ కోసం ఇల్లు కట్టిపెట్టే కాంట్రాక్టర్ దాని కిందికి రాడు. కాబట్టి నంబరు లేదని అతన్ని అనుమానించకండి. అయితే ఆ చట్టం ఇచ్చే రక్షణ కూడా మీకు ఉండదు. ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, కొన్నవాళ్లు చెబితే, ప్రమోటర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని రెరా సెక్షన్ 14(3) చెబుతోంది. మీ బిల్డర్‌ మీద అలాంటి స్పష్టమైన గడువు, బాధ్యత ఉండాలంటే అగ్రిమెంట్‌లో మీరు రాయించుకోవాల్సిందే. అతనేమో అగ్రిమెంటే వద్దంటున్నాడు.

మనిషి మంచివాడా కాదా అన్నది ఏ చట్టమూ ముందే తేల్చి చెప్పదు. రేపు పని మధ్యలో ఆగిపోతే ఎవరి మీద కేసు వేయాలి, గెలిచాక ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి అన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకోవచ్చు. నేను ఏ బిల్డర్‌నైనా ఈ లెక్కలోనే చూస్తాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించింది కూడా ఇందుకే ఆ భార్య ఖాతా.

చట్టం దృష్టిలో కంపెనీ వేరు, దాన్ని నడిపే మనిషి వేరు. కంపెనీ మీకు బాకీ పడితే మామూలుగా డైరెక్టర్ సొంత ఆస్తి జోలికి వెళ్లలేరు. పార్ట్‌నర్‌షిప్ సంస్థ అయితే సంస్థ బాకీకి ప్రతి భాగస్వామీ సొంతంగానూ బాధ్యుడే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాడైతే బాధ్యత నేరుగా అతనిదే. ఇప్పుడు మీ సంగతి చూడండి. కార్డు మీద కంపెనీ, మాట ఇచ్చింది అతను, డబ్బు తీసుకునేది ఆవిడ. గొడవ వస్తే కంపెనీ ‘మాకు పైసా అందలేదు’ అంటుంది. ఆవిడ ‘నాకూ వీళ్లకీ కాంట్రాక్టే లేదు, పాత చేబదులు తీర్చారు’ అంటుంది. అబద్ధమని కోర్టులో రుజువు చేయవచ్చు, కానీ ఏళ్లు పడుతుంది. ఒప్పందంలో ఉన్న పేరు, సంతకం చేసే మనిషి, డబ్బు వెళ్లే ఖాతా మూడూ ఒకే సంస్థవి కాకపోతే ముందుకి వెళ్లవద్దు.

అసలు ఆ కంపెనీ ఉందో లేదో చూడటం తేలిక. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే అది ఎప్పుడు పుట్టింది, ఇంకా నడుస్తోందా, రిజిస్టర్ నుంచి కొట్టేశారా అన్నది తెలుస్తుంది. డైరెక్టర్ల పేర్లు, తాకట్టు అప్పుల వివరాలు కూడా అక్కడ దొరుకుతాయి. కంపెనీ లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు తప్పనిసరిగా ఉండాలి. కొటేషన్‌ని లెటర్‌హెడ్ మీద ఇమ్మని అడగండి. నంబరు లేదంటే కంపెనీయే లేకపోయి ఉండవచ్చు. రిజిస్టర్ కాకుండా ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని పెట్టుకోవడం కంపెనీల చట్టం సెక్షన్ 453 కింద శిక్షార్హం. కార్డులోనే అబద్ధం ఉంటే మిగతావి వెతకనక్కర్లేదు.

జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొట్టి పేరు సరిపోతుందో, రిజిస్ట్రేషన్ రద్దయిందో చూడండి. చిన్న కాంట్రాక్టర్లకి జీఎస్టీ లేకపోవచ్చు, అది తప్పేమీ కాదు. లేని నంబరు బిల్లు మీద వేసి పన్ను వసూలు చేస్తేనే తప్పు.

దీనికన్నా ఎక్కువ విషయం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అతని పేరుతోనూ కంపెనీ పేరుతోనూ వెతకండి. అదే పేరు చాలామందికి ఉంటుంది కాబట్టి తండ్రి పేరు, చిరునామా సరిచూసుకోండి. ఒక కస్టమర్‌తో ఒక కేసు కనబడినంత మాత్రాన బెదరకండి. ఇరవై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నవాడికి ఒక్క తగాదా కూడా లేకపోతేనే ఆశ్చర్యం. నేను వెతికేది వేరే రకం కేసులు: సిమెంటు, స్టీలు సరఫరా చేసినవాళ్లు వేసిన రికవరీ దావాలు, సెక్షన్ 138 చెక్ బౌన్స్ కేసులు. అవి వరసగా ఉన్నాయంటే అతను పాత ఇళ్ల బాకీలు తీర్చలేక సతమతమవుతున్నాడని అర్థం. మీ 40 శాతం మీ పునాదిలోకి రాకుండా ఆ బాకీల్లోకి పోతుంది. ఇళ్లు సగంలో ఆగిపోయిన కేసుల్లో ఎక్కువగా నాకు కనిపించే కథ ఇదే. వాళ్లలో పచ్చి మోసగాళ్లు తక్కువే. ఒకడి డబ్బుతో ఇంకొకడి ఇల్లు కట్టుకుంటూ పోయి, ఎక్కడో గొలుసు తెగినవాళ్లే ఎక్కువ.

అతను చూపించిన రెండు ఇళ్లూ అతను ఎంచుకున్నవి. మూడు నాలుగేళ్ల క్రితం పూర్తి చేసిన ఒకటి, ఇప్పుడు పని జరుగుతున్నది ఒకటి అడగండి. అతను పక్కన లేనప్పుడు ఆ యజమానులతో మాట్లాడండి. ఇల్లు బాగుందా అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ముందు చెప్పిన రేటు మీద ఎక్స్‌ట్రా ఎంత పడింది? గృహప్రవేశం అయ్యాక లీకేజీ వస్తే ఫోన్ ఎత్తాడా? మేస్త్రి గానీ ఇటుకల వాళ్లు గానీ బాకీ కోసం మీ గుమ్మం ఎక్కారా? వీటికి జవాబు రాబట్టండి. మూడోదానికి చట్టం సంగతి కూడా చెబుతాను. బిల్డర్ తెచ్చిన సరుకుకి సరఫరాదారుతో ఒప్పందం అతనిదే కాబట్టి మామూలుగా మీ మీద బాధ్యత ఉండదు. అయితే ‘పంపించండి, నేను ఇస్తాలే’ అని మీరు ఫోన్‌లో ఒక్క మాట అన్నా, బిల్లు మీ పేరున రాయించినా మీరు ఇరుక్కుంటారు.

ఇక అగ్రిమెంట్. నోటి మాట ఒప్పందం కూడా చట్టప్రకారం చెల్లుతుంది, సమస్యంతా రుజువు దగ్గరే. నా ఉద్దేశంలో బిల్డర్‌కి అసలు పరీక్ష డ్రాఫ్టు చేతిలో పెట్టినప్పుడే. ‘ఆలస్యానికి పరిహారం కడతాను, కానీ మీరు బిల్లు ఆలస్యం చేస్తే గడువు కూడా జరగాలి’ అని బేరమాడితే అది మంచి లక్షణం. కట్టుబడాలనుకునేవాడే క్లాజు చదువుతాడు. చదవకుండా సంతకం పెట్టేవాడిని, అసలు కాగితమే వద్దనేవాడిని ఒకే గాటన కట్టండి.

అందులో డబ్బు విడతలు ముఖ్యం. మొదట ఇచ్చే చిన్న అడ్వాన్సు తప్పితే, ఏ రోజు చూసినా మీరిచ్చిన మొత్తం సైట్లో జరిగిన పని విలువని దాటకూడదు. మొదలుపెట్టడానికి 5 నుంచి 10 శాతం ఇవ్వండి, ఆపైన పునాది, ప్లింత్ బీమ్, స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్ అని ఒక్కో దశ అయ్యాకే. చివరి 5 శాతం అప్పగించిన ఏడాది దాకా ఆపుకునేలా రాయండి. చదరపు అడుగు రేటులో బాల్కనీ, సంపు, ప్రహరీ లెక్కలోకి వస్తాయా అన్నది రాయకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది. కాంక్రీటు గ్రేడు (కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి కనీసం ఎం20), స్టీలు, సిమెంటు బ్రాండు రాయండి. రాతలో ఒప్పుకోని ఎక్స్‌ట్రా పనికి డబ్బు లేదని రాయండి. రెరాలో ఉన్న 5 ఏళ్ల బాధ్యతని అలాగే దించండి. కూలీలకి ప్రమాద బీమా ఉండాలని, పాలసీ కాపీ ఇవ్వాలని కూడా. ఆలస్యానికి ఎంత పరిహారం రాసుకున్నా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సమంజసమైనంతే ఇప్పిస్తుంది, రాసిన అంకెని దాటదు. కాబట్టి భయపెట్టే అంకెలు వేసి లాభం లేదు.

సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇవ్వకండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున వ్యవహారాలు నడిపే అధికారపత్రం) అడిగితే లేచి వచ్చేయండి, ఇల్లు కట్టడానికి దాని అవసరం లేదు. ‘ప్లాన్ దాటి ఇంకో రెండడుగులు లాగుదాం’ అంటే ఒప్పుకోకండి. అనుమతి మీ పేరున ఉంటుంది, మున్సిపల్ నోటీసూ మీకే వస్తుంది.

తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. 2019 చట్టంలో ‘సేవ’ నిర్వచనంలోనే గృహ నిర్మాణం ఉంది. మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, వివాదం పుట్టిన 2 ఏళ్లలోపు వేయాలి. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదా కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలనే షరతు) ఉన్నా ఈ దారి మూసుకుపోదు. పోలీసుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని కనబడితేనే అది చీటింగ్ అవుతుంది, పని ఆలస్యమైందంటే ‘సివిల్ తగాదా, కోర్టుకి వెళ్లండి’ అని పంపేస్తారు.

మీ బిల్డర్‌కి ఇలా చెప్పి చూడండి: అగ్రిమెంట్ కంపెనీ పేరున, డబ్బు కంపెనీ ఖాతాకి, అడ్వాన్సు 10 శాతం, సంతకం చేసే అధికారం తనకి ఇస్తూ కంపెనీ చేసిన బోర్డు తీర్మానం కాపీ. ఒప్పుకుంటే పైన చెప్పినవన్నీ సరిచూసుకుని ముందుకు వెళ్లండి. ఒప్పుకోకపోతే వేరే మనిషిని వెతుక్కోండి, మీ వారి స్నేహితుడి మొహమాటం కోసం ఆగకండి. ఒకవేళ ఇప్పటికే టోకెన్‌గా కొంత ఇచ్చి ఉంటే, ఏ తేదీన ఎంత, దేని కోసం ఇచ్చారో ఈ రోజే వాట్సాప్‌లో రాసి, ‘అందింది’ అని అతని చేత జవాబు పెట్టించుకోండి. ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి. 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో దాన్ని కోర్టులో దాఖలు చేయవచ్చు.