తెరచాప పడవ గదికి కొత్త గొళ్ళేలు

ప్రశ్న: కళింగపట్నంలో మేము కొన్న పాత ఫైబర్ తెరచాప పడవ లోపలి గదిలో ఒక అలమర తలుపు, కొన్ని గొళ్ళేలు, మడత బందులు లేవు. ఇత్తడివి వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పొడిగా ఉండే చోట ఇత్తడి పనికివస్తుంది, అయితే ఉప్పునీరు తరచూ తగిలేచోట అందులోని జింకు క్రమంగా కరిగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ లోహం గుల్లబారుతుంది కనుక, అక్కడ కంచువి గాని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గాని అమర్చి, మరలు కూడా అదే లోహానివి వాడండి. మిగిలిన పాత గొళ్ళెం ఒకటి ఊడదీసి నమూనాగా దుకాణానికి తీసుకువెళ్ళండి. పడవ గోడ వంపుగా ఉంటుంది కనుక తలుపు కొలతను టేపుతో కాక, అట్టముక్కను చట్రానికి ఆనించి గీసుకోవాలి. కొలత తప్పి చెక్క వృథా అయ్యేది సాధారణంగా ఇక్కడే. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ కోసి, అంచులకూ మర రంధ్రాలకూ ఎపాక్సీ (నీరు చొరకుండా గట్టిపడే రెసిన్) పట్టించి, ఆరిన తరువాతే బిగించండి. పడవ ఒరిగినప్పుడు అయస్కాంతపు పట్టు నిలవదు, గట్టిగా పడే గొళ్ళెమే కావాలి.