లాడ్జ్ రిసార్ట్‌లో మూడు రాత్రులు వద్దు, ఒక్క రాత్రి చాలు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఉంటాం. మావారు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, నాకు ఉద్యోగం లేదు. బాబుకి 9 ఏళ్లు, పాపకి అక్టోబరులో 3 నిండుతాయి. అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు, అక్టోబరు చివర్లో వెళ్లిపోతారు. అందరం కలిసి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో గార్డెన్ గ్రోవ్‌లోని గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్‌లో 3 రాత్రులు ఉండి, 2 రోజులు డిస్నీల్యాండ్ చూడాలని ప్లాన్. లాడ్జ్‌కు పన్నుతో 1,500, ఆరుగురికి టికెట్లు 1,940, తిండి, గ్యాస్ (పెట్రోలు), పార్కింగ్‌కు 800, మొత్తం 4,240 డాలర్లు అవుతోంది. చేతిలో ట్రిప్ కోసం దాచింది 1,400. మిగతాది కార్డు మీద పెట్టేద్దాం అంటున్నారు మావారు. ఆ కార్డు మీద ఇప్పటికే 3,000 బాకీ ఉంది, వడ్డీ 22 శాతం, నెలకు 100 కడుతున్నాం. ఇంకో కార్డు ఖాళీగానే ఉంది. అత్యవసరానికి 9,000 ఉంది, నెల ఖర్చు 5,500. పిల్లల చదువు కోసం దాచే 529 ఖాతాలో నెలకు 200 వేస్తున్నాం. అన్నీ పోను నెలకు 350 దాకా మిగులుతుంది. 529 కొన్నాళ్లు ఆపి ట్రిప్‌కు వాడుకోవచ్చా? అసలు వెళ్లాలా వద్దా?

జవాబు: వెళ్లండి. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలకు జవాబు ఎప్పుడూ "మానేయండి" అనే వస్తుందని మీరు భయపడుతూ రాసినట్టున్నారు. లెక్క ప్రకారం ఆ 1,400 తీసుకెళ్లి కార్డుకు కట్టడమే సరైనది, కాదనను. కానీ తాతయ్య, నానమ్మలతో మనవళ్లు కలిసి తిరిగే వేసవి మళ్లీ ఎప్పుడు వస్తుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. దానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. మీ ప్లాన్‌లో తప్పల్లా ఒకే రోజుకు రెండుసార్లు డబ్బు కట్టడం.

ఎలాగంటే, గ్రేట్ వుల్ఫ్ లాంటి చోటు పడుకోవడానికి తీసుకునే గది కాదు, అదే ఒక పార్కు. దుంగలతో కట్టినట్టున్న గోడలు, లాబీలో పెద్ద రాతి పొయ్యి, తోడేలు చెవుల బ్యాండ్లు తలకు పెట్టుకుని పిల్లలు పైజామాల్లోనే కథ వినడానికి కిందికి దిగిపోవడం, బంకు మంచాలు పెట్టిన చిన్న గుడిసె లాంటి మూల, వీటన్నిటి వెనకాల లక్ష చదరపు అడుగులకు పైబడిన వాటర్‌పార్క్, ఏడాది పొడుగునా లోపల 84 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేది. గది రేటులో మీరు కడుతున్నది ప్రధానంగా ఆ వాటర్‌పార్క్ టికెట్టే, గదిలో ఉన్న ప్రతి మనిషికీ. మరి మీరేమో మూడు రాత్రుల్లో రెండు పగళ్లు పొద్దున్నే లేచి డిస్నీల్యాండ్‌కు పోయి రాత్రి కాళ్లు పీకుతూ వస్తారు. ఆ రెండు రోజులూ వాటర్‌పార్క్‌కు కట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే. దగ్గర కదా అంటారేమో, లాడ్జ్ హార్బర్ బులెవార్డ్ మీదే ఉంది గానీ డిస్నీల్యాండ్‌కు రెండు మైళ్ల దాకా ఉంటుంది, చిన్న పిల్లతో, పెద్దవాళ్లతో నడిచే దూరం కాదు. ఆ దారిలోనే ఇంకా దగ్గరగా మామూలు హోటళ్లు బోలెడు ఉన్నాయి.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చెక్-ఇన్ సాయంత్రం 4 గంటలకైనా, వచ్చిన రోజు మధ్యాహ్నం 1 గంట నుంచే వాటర్‌పార్క్‌లోకి వెళ్లనిస్తారు, వెళ్లిపోయే రోజు గది 11 గంటలకు ఖాళీ చేసినా పార్క్ మూసేదాకా ఉండొచ్చు. అంటే ఒక్క రాత్రికి డబ్బు కడితే దాదాపు రెండు రోజుల నీళ్ల ఆట. 9 ఏళ్ల బాబుకైనా అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, పాపకైతే అసలే అక్కర్లేదు, పెద్ద స్లైడ్లలో చాలావాటికి 42, 48 అంగుళాల ఎత్తు కావాలి, తను చిన్నపిల్లల లోతు తక్కువ నీళ్లలోనే ఆడుతుంది.

అందుకని నేనైతే ఇలా మారుస్తాను. లేబర్ డే వద్దు, ఆ వారాంతంలో రేట్లు మండిపోతాయి. బాబు స్కూలు తెరవకముందు, ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం తెల్లారకముందే బయల్దేరండి. ఆరేడు గంటల డ్రైవ్, మధ్యలో ఆగినా ఒంటిగంటన్నర, రెండుకల్లా నీళ్లలో ఉంటారు. ఆదివారం రాత్రి లాడ్జ్‌లో. సోమవారం 11కు గది ఇచ్చేసి సామాను కార్లో పెట్టి, సాయంత్రం దాకా మళ్లీ వాటర్‌పార్క్. సోమవారం, మంగళవారం రాత్రులు డిస్నీల్యాండ్‌కు దగ్గర్లో పొద్దున టిఫిన్ కలిపి ఇచ్చే మామూలు హోటల్లో. మంగళవారం ఒక్క రోజే డిస్నీల్యాండ్. బుధవారం ఇంటికి. రాత్రులు మీరనుకున్న మూడే. నా అంచనా చెబుతాను, మీరు తేదీలు పెట్టి సరిచూసుకోండి: లాడ్జ్ ఒక రాత్రి పన్నుతో 400, మామూలు హోటల్ రెండు రాత్రులు 420, టికెట్లు 750, తిండి, గ్యాస్, పార్కింగ్ 530. మొత్తం 2,100. మీ లెక్కలో సగం కన్నా తక్కువ.

టికెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. మీరు ఆరుగురికి వేశారు. డిస్నీల్యాండ్‌లో 3 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు, మీ పాపకు అక్టోబరు దాకా ఉచితం. ఆ ఒక్క మాటతో మీ రెండు రోజుల లెక్కలో 300 డాలర్ల పైనే తగ్గిపోయింది. బాబుకు 9 కాబట్టి పిల్లల టికెట్ వస్తుంది, 10 నిండితే పెద్దల ధరే, అయితే ఆ తేడా చాలా తక్కువ, దాని కోసం తేదీలు మార్చుకోవద్దు. మార్చాల్సింది రోజును బట్టి. ఒక రోజు టికెట్ ధర తేదీని బట్టి రద్దీ లేని రోజుల్లో 104 డాలర్ల దగ్గర మొదలై, రద్దీ రోజుల్లో 200 దాటుతుంది. అందుకే మంగళవారం అన్నాను. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకు కొన్ని సీజన్లలో విడిగా ధర ఇస్తుంటారు, కొనేముందు అదీ చూడండి, ఐడీ అడుగుతారు. రెండో రోజు కలుపుకుంటే మీ జేబులోంచి పోయే మొత్తం పెరుగుతుంది. పైగా మామగారు, అత్తగారు వరసగా రెండు రోజులు ఆ ఎండలో క్యూల్లో నిలబడాలంటే, వాళ్ల ముఖం చూసి మీరే రెండో రోజు మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేస్తారు.

లాడ్జ్ బుక్ చేసేటప్పుడు ఆరుగురి పేరుతోనే చేయండి. పెద్దవాళ్లు నీళ్లలోకి దిగరు కదా అని నలుగురినే చూపించొద్దు, లోపలికి వెళ్లే రిస్ట్‌బ్యాండ్లు బుకింగ్‌లో ఉన్న మనుషుల లెక్కనే ఇస్తారు. వాళ్లు ఒడ్డున కూర్చుని పాపను చూసుకుంటేనే మీరిద్దరూ బాబుతో ఒక్క స్లైడైనా ఎక్కగలిగేది.

ఆ రిస్ట్‌బ్యాండ్ గురించే ఇంకో జాగ్రత్త. అదే గది తాళం, దాంతోనే ఖర్చులు గది బిల్లులో రాయించుకోవచ్చు. చెయ్యి అలా చూపిస్తే సరిపోయే చోట డబ్బు పోతున్నట్టే అనిపించదు, మర్నాడు పొద్దున బిల్లు చూసినప్పుడే తెలుస్తుంది. పిల్లల బ్యాండ్లకు ఆ సౌకర్యం వద్దని చెక్-ఇన్ దగ్గరే చెప్పండి, వీలైతే పెద్దవాళ్లలో కూడా ఒక్కరికే పెట్టించండి. మ్యాజిక్‌వెస్ట్ అని మంత్రదండం పట్టుకుని అంతస్తులన్నీ తిరిగే ఆట ఉంటుంది, బాబు దాన్ని చూశాక వదలడు. దండం వేరే కొనాలి, ఆట వేరే కొనాలి, గది రేటులో రెండూ ఉండవు. వద్దని లాగకండి. బయల్దేరేముందే "నీకు అక్కడ ఇంత, దేనికి పెట్టుకుంటావో నీ ఇష్టం" అని ఒక మొత్తం చెప్పండి, 9 ఏళ్ల పిల్లాడు తన డబ్బు అనుకుంటే మనకంటే జాగ్రత్తగా లెక్కపెడతాడు.

రేటు చూసేటప్పుడు కూడా జాగ్రత్త. 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం రిసార్ట్ ఫీజు లాంటి తప్పనిసరి చార్జీలు ముందే చూపించే ధరలో కలిపే చెప్పాలి, హోటళ్ల విషయంలో 2025 మే నుంచి దేశమంతటికీ అలాంటి నియమమే వచ్చింది. కానీ ప్రభుత్వ పన్ను ఆ తర్వాతే కలుస్తుంది, ఆ ప్రాంతంలో అది తక్కువేమీ కాదు, పక్కనే ఉన్న అనహైమ్‌లో హోటల్ పన్ను 15 శాతం. అందుకే రెండు చోట్ల ధరలు పోల్చేటప్పుడు చివరి పేజీలో, డబ్బు కట్టే బటన్ పక్కన కనిపించే అంకెనే పోల్చండి.

తిండి మీకు నేను చెప్పేదేముంది. లాడ్జ్ గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. డిస్నీల్యాండ్‌లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. పులిహోర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి, లోపల కౌంటర్లలో కప్పుతో ఐసు నీళ్లు అడిగితే ఉచితంగానే ఇస్తారు. ఒక పూట మాత్రం బయటే తినండి, ట్రిప్ అంతా డబ్బాలు సర్దుతూ గడిపితే అది మీకు సెలవు కాదు.

ఇప్పుడు అసలు టెన్షన్, కార్డు. మీవారు చెప్పినట్టు మిగతా 2,840 ఆ కార్డు మీదే పెడితే బాకీ 5,840 అవుతుంది. 22 శాతం మీద నెలకు వడ్డీయే 107 డాలర్లు. మీరు కడుతున్న 100 వడ్డీకే చాలదు, అసలు ఒక్క డాలరు కూడా తగ్గదు. ఇంకోటి చాలామందికి తెలియదు: కార్డు మీద పాత బాకీ నడుస్తుంటే కొత్తగా కొన్నవాటికి ఆ 20, 25 రోజుల వడ్డీ లేని గడువు సాధారణంగా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ఆ కార్డు ఈ ట్రిప్‌కు ఇంట్లోనే ఉండాలి. ఖాళీగా ఉందన్నారే, ఆ రెండో కార్డు మీద బుక్ చేసి, బిల్లు రాగానే పూర్తిగా కట్టేయండి. 2,100కు మీ దగ్గర 1,400 ఉంది, జూన్, జులైల్లో మిగిలే 350 చొప్పున 700 కలిస్తే సరిగ్గా సరిపోతుంది. వాయిదాల్లో కట్టమని బుకింగ్ పేజీలోనే అడిగే పథకాల జోలికి పోవద్దు, బుకింగ్ రద్దయితే రీఫండ్ ఒకచోట, వాయిదా ఇంకోచోట ఇరుక్కుంటాయి.

529 ఆపొచ్చా అన్నారు. ఆపండి, కానీ ట్రిప్ కోసం కాదు, కార్డు కోసం. నేను సాధారణంగా పిల్లల చదువు డబ్బు ముట్టుకోవద్దనే చెబుతాను, అయితే 22 శాతం వడ్డీ పోతుంటే పక్కన మదుపు చేయడంలో అర్థం లేదు, అంత రాబడి ఏ ఫండూ ఖాయంగా ఇవ్వదు. కాలిఫోర్నియాలో 529కి రాష్ట్ర పన్ను మినహాయింపు కూడా లేదు, కొన్ని నెలలు ఆపినందుకు మీరు కోల్పోయేది పెద్దగా ఉండదు. ఇప్పటికే అందులో ఉన్నది మాత్రం తీయకండి, చదువుకు కాకుండా తీస్తే లాభం మీద ఆదాయపు పన్ను, 10 శాతం పెనాల్టీ, దాని మీద కాలిఫోర్నియా వేసే ఇంకో రెండున్నర శాతం. జూన్ నుంచి ఆ 200 కలిపి నెలకు 300 కార్డుకు కట్టండి. ట్రిప్ అయ్యాక ఆగస్టు నుంచి మిగులు 350 కూడా కలిపి 650. అలా చేస్తే నవంబరు చివరికి బాకీ దాదాపు తీరిపోతుంది, ఇప్పటిలా 100 చొప్పున కడుతూ పోతే 44 నెలలు పడుతుంది, వడ్డీ 1,400 దాకా అవుతుంది. తీరగానే 529 మళ్లీ మొదలుపెట్టి, మిగతాదంతా అత్యవసర నిధికి మళ్లించండి. 9,000 అంటే మీకు రెండు నెలలు కూడా రాదు. ఒక్క జీతం, అదీ హెచ్1బీ మీద, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి చేతిలో మిగిలేది మామూలుగా 60 రోజులు, ఆ రోజుల్లో అద్దె, ఇంకో ఉద్యోగం వెతుకులాట, కుదరకపోతే నలుగురికి విమాన టికెట్లు. ఆరు నెలల ఖర్చు చేరేదాకా దీన్నే ముందు పెట్టుకోమంటాను.

ఒకటి మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, అత్తగారికి, మామగారికి విజిటర్ ఇన్సూరెన్స్ ఉందా? తడి నేల మీద జారి పడితే ఇక్కడ ఎమర్జెన్సీ రూమ్ బిల్లు ఈ ట్రిప్ ఖర్చును ఎన్నో రెట్లు దాటిపోతుంది. ఉంటే గడువు ఎప్పటిదాకో, పాత జబ్బులకు ఏమేరకు వర్తిస్తుందో చదవండి, లేకపోతే బయల్దేరకముందే తీసుకోండి.

లేబర్ డేకి ఇప్పటికే బుక్ చేసి ఉంటే ఈ రోజే రద్దు గడువు చూడండి, ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీ దాటితే రాదో కన్ఫర్మేషన్ మెయిల్‌లోనే ఉంటుంది. తేదీ మార్చడం కుదిరితే అదే మేలు. కుదరకపోతే ముందు ఆగస్టు గది చేతికొచ్చాకే పాతది రద్దు చేయండి.